లండనెక్కడ, సిడ్నీ ఎక్కడ!



మా పక్క వాటాలో ఒక పెద్దావిడ ఉంటారు. వరసకేమీ కాకపోయినా నేను ఆవిణ్ణి పిన్నిగారూ అనే పిలుస్తాను. ఆవిడకిద్దరే పిల్లలు. కొడుకు లండన్లో, కూతురు సిడ్నీలో. పటం విప్పి చూస్తే ఒకరు పైన ఆ కొసన, ఒకరు కింద ఈ కొసన, నడిమధ్య విజయవాడలో ఆవిడ. మొన్న మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని నేను కాస్త నడుం వాల్చబోతూ ఉంటే ఆవిడ వచ్చి కూర్చున్నారు.

"అమ్మాయ్, మావాడు చెల్లెలి గృహప్రవేశానికి వెళుతున్నాడట. లండనెక్కడ, సిడ్నీ ఎక్కడ! ఎన్ని గంటలు పడుతుందేమిటి? ఆ విమానం మన మీదుగానే పోతుందా?" అని అడిగారు.

"మధ్యలో సింగపూరులో దిగి మారితే ఇరవై మూడు, ఇరవై నాలుగు గంటలు పడుతుందండీ" అన్నాను. "అమ్మో, ఒక పగలూ ఒక రాత్రీనా!" అని ఆవిడ బుగ్గన వేలేసుకున్నారు. ఆవిడ బెంగ చూస్తే, ఇదే దారిన వందేళ్ళ కిందట మనుషులెలా వెళ్ళారో చెప్పాలనిపించింది. ఆవిడకి చెప్పిన సంగతులే ఈవేళ మీకూ చెబుతాను.

ముందు దూరం సంగతి చూద్దాం. లండన్ నుంచి సిడ్నీకి తిన్నగా కొలిస్తే సుమారు 17,000 కిలోమీటర్లు. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు. కనక భూమ్మీద ఏ రెండు ఊళ్ళ మధ్యనైనా 20,000 కిలోమీటర్లకి మించి దూరం ఉండనే ఉండదు. అంటే లండన్, సిడ్నీ ఇంచుమించు అటు కొసా ఇటు కొసా అన్నమాటే.

తిన్నగా అన్నానే, అందులో ఒక చమత్కారం ఉంది. గోడ మీది పటంలో రెండు ఊళ్ళకీ మధ్య గీత గీస్తే అది అసలు దగ్గరి దారి కాదు. కావాలంటే పిల్లల భూగోళం బంతి ఉంటే సరే, లేకపోతే ఒక బత్తాయికాయ తీసుకోండి. పైభాగాన ఒక లవంగం గుచ్చండి, అవతలి పక్క కిందుగా ఇంకొకటి గుచ్చండి. రెంటికీ దారం బిగించి లాగితే, దారం తనంతట తనే జరిగి దగ్గరి దారి చూపిస్తుంది. లండన్, సిడ్నీల మధ్య అలా దారం లాగితే అది రష్యా మీదుగా, చైనా మీదుగా పోతుంది. మన దేశం మీదికి రానే రాదు.

మరి వెనకటి విమానాలన్నీ కరాచీ మీదుగా, కలకత్తా మీదుగా ఎందుకు వెళ్ళాయి? దానికి కారణం పెట్రోలు. ఆ రోజుల్లో విమానం ఒక్క దూకుకి వెళ్ళగలిగింది కొన్ని వందల మైళ్ళు మాత్రమే. ఎక్కడ దిగడానికి చదునైన నేల, పెట్రోలు డబ్బాలు, బాగుచేసే మనిషి దొరుకుతారో ఆ ఊళ్ళనే కలుపుకుంటూ పోవాలి. పైగా మన దేశం, బర్మా, మలయా అప్పుడు ఇంగ్లీషువాళ్ళ ఏలుబడిలో ఉండేవి. దారి అలా మన ఇంటి ముందునుంచే పడింది.

ఆవిరి ఓడల్లో లండన్ నుంచి ఆస్ట్రేలియా చేరడానికి ఐదారు వారాలు పట్టే కాలమది. మొదటి ప్రపంచ యుద్ధం 1918 నవంబరులో ముగిసింది. మరుసటి ఏడు ఆస్ట్రేలియా ప్రభుత్వం ఒక పందెం పెట్టింది. ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియాకి 30 రోజుల్లోపల విమానంలో మొదట చేరిన ఆస్ట్రేలియా వాళ్ళకి 10,000 పౌన్ల బహుమానం. ఆరు జట్లు బయలుదేరాయి. గమ్యం చేరినవి రెండే. నలుగురు మనుషులు దారిలోనే ప్రాణాలు పోగొట్టుకున్నారు.

గెలిచినవాళ్ళు రాస్ స్మిత్, కీత్ స్మిత్ అనే అన్నదమ్ములూ, బెనెట్, షియర్స్ అనే ఇద్దరు మెకానిక్కులూ. 1919 నవంబరు 12న లండన్ దగ్గర బయలుదేరి డిసెంబరు 10న ఆస్ట్రేలియా ఉత్తరపు ఒడ్డున ఉన్న డార్విన్ చేరారు. 27 రోజుల 20 గంటలు పట్టింది. పైకప్పు లేని విమానం, నవంబరు చలి, ముఖానికి కొట్టే గాలి, మంచు. డార్విన్ చేరడమంటే సిడ్నీ చేరినట్టు కాదు సుమండీ. అక్కడినుంచి సిడ్నీకి ఇంకా 3,000 కిలోమీటర్ల పైచిలుకు ఉంది. వాళ్ళు సిడ్నీలో దిగేసరికి 1920 ఫిబ్రవరి వచ్చింది.

ఇక్కడే నన్ను ఆలోచింపజేసిన లెక్క ఒకటుంది. ఆ 27 రోజుల 20 గంటల్లో వాళ్ళు గాలిలో ఎగిరింది సుమారు 135 గంటలు. మొత్తం ప్రయాణం 668 గంటలు. అంటే మిగిలిన ఐదు వందల పైచిలుకు గంటలూ నేల మీదే గడిచాయి. గంటకి 135 కిలోమీటర్ల వేగంతో ఎగిరిన విమానం 18,000 కిలోమీటర్ల వంకర దారిని దాటడానికి ఆరు రోజులైనా అక్కర్లేదు. కానీ చీకటి పడితే దిగాలి, పెట్రోలు పోయాలి, ఇంజను తుడవాలి, వాన తగ్గేదాకా కూచోవాలి, మళ్ళీ లేవడానికి నేల వెతుక్కోవాలి. విమానయానం చరిత్ర అంటే ఆకాశం సంగతే అనుకుంటాం గాని, సగానికి సగం నేల సంగతే.

ఆ నేల మీద ఏం జరిగిందో రెండు ముచ్చట్లు చెబుతాను. కలకత్తాలో వాళ్ళు గుర్రప్పందేల మైదానంలో దిగారు. తిరిగి లేచేటప్పుడు గద్దలు అడ్డం వచ్చి ఒకటి ముందున్న పంకాకి తగిలింది. నిండా పెట్రోలు పోసుకున్న బరువైన విమానం, మైదానం చివర చెట్లు. ఎలాగో గట్టెక్కారు. జావాలో సురబాయా అనే ఊళ్ళో అయితే దిగిన నేల మెత్తటి బురద. చక్రాలు కూరుకుపోయాయి. అప్పుడా ఊరివాళ్ళు తమ ఇళ్ళకి కట్టుకున్న వెదురు తడికలు ఊడదీసి తెచ్చి, వాటిని బురద మీద వరసగా పరిచి బాట చేశారు. ఆ తడికల మీదనుంచే విమానం లేచింది. బహుమానం వచ్చింది, అన్నదమ్ములకి సర్ బిరుదులూ వచ్చాయి. ఆ సాయంత్రం గోడ లేని ఇంట్లో పిల్లలకి అన్నం పెట్టుకున్న తల్లుల పేర్లు మాత్రం ఎవరూ రాసుకోలేదు.

ఈ దారిలో ఆడవాళ్ళు లేరనుకునేరు. ఉన్నారు, బాగానే ఉన్నారు.

ఏమీ జాన్సన్ పేరు మీలో కొందరు విని ఉంటారు. ఇంగ్లండులో హల్ అనే రేవు పట్టణంలో చేపల వ్యాపారి కూతురు. 1903లో పుట్టింది. విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివి, లండన్లో ఒక లాయర్ల ఆఫీసులో టైపిస్టుగా చేరింది. తీరిక వేళల్లో విమానం నడపడం నేర్చుకుంది. నడపడమే కాదు, ఇంజను విప్పి బాగుచేసే పని కూడా నేర్చి 1929లో గ్రౌండు ఇంజనీరు లైసెన్సు సంపాదించింది. బ్రిటన్లో ఆ లైసెన్సు పొందిన మొదటి మహిళ ఆవిడే. అప్పటికి ఆవిడ ఒంటరిగా చేసిన అతి పెద్ద ప్రయాణం ఏమిటంటారు? లండన్ నుంచి పుట్టింటికి!

అటువంటి పిల్ల 1930 మే 5న, 26 ఏళ్ళ వయసులో, 600 పౌన్లకి కొన్న పాత విమానం ఎక్కి ఒంటరిగా ఆస్ట్రేలియాకి బయలుదేరింది. దాని పేరు జేసన్. అది తండ్రి వ్యాపారపు మార్కు పేరు. విమానంలో డబ్బు సగం ఆ తండ్రి ఇచ్చిందే. రేడియో లేదు, తోడు లేదు. దారిలో ఇసుక తుపాను పట్టుకుంటే ఎడారిలో దింపుకుని, విమానం ఎగిరిపోకుండా చక్రాల దగ్గర అడ్డుపెట్టి, చేతిలో పిస్తోలుతో దానిని ఆనుకుని కూర్చుంది. రోజంతా నడిపి దిగాక, అందరూ పడుకున్న వేళ ఇంజను తనే శుభ్రం చేసుకునేది. ఇంటిల్లిపాదీ తిన్నాక అంట్లు మిగిలినట్టన్నమాట!

ఆరో రోజుకల్లా కరాచీ చేరింది. అంతకు ముందు 1928లో ఇదే దారిన పదిహేనున్నర రోజుల్లో వెళ్ళిన హింక్లర్ అనే ఆయన కంటే అక్కడికి రెండు రోజులు ముందే వచ్చింది. కరాచీ నుంచి అలహాబాదు చేరాలనుకుంటే మధ్యలో పెట్రోలు చాలలేదు. గత్యంతరం లేక ఝాన్సీలో సైనికుల కవాతు మైదానంలో దించింది. ఝాన్సీ అంటే మనకి గుర్రమెక్కిన రాణి గుర్తుకొస్తుంది. ఆ ఊళ్ళో ఆకాశంలోంచి ఒక అమ్మాయి దిగడం చూసినవాళ్ళు ఏమనుకున్నారో గాని, దెబ్బతిన్న రెక్కని బాగుచేసి పంపారు. అక్కడినుంచి అలహాబాదు, కలకత్తా.

రంగూన్ దగ్గర వానలో దారి తప్పి, గుర్రప్పందేల మైదానం అనుకుని ఒక కాలేజీ ఫుట్‌బాల్ మైదానంలో దించింది. విమానం ముందుకుపోయి గోతిలో మూతి పెట్టింది. పంకా విరిగింది, రెక్క చిరిగింది. పంకా మారుపుది వెంట తెచ్చుకుంది సరే, రెక్కకి గుడ్డ ఏదీ? ఆ రోజుల్లో విమానం రెక్కలంటే కర్ర చట్రానికి తొడిగిన గుడ్డే కదా. యుద్ధం నాటి విమానాల గుడ్డ మిగిలిపోతే దాంతో ఆ ఊరివాళ్ళు చొక్కాలు కుట్టించుకున్నారట. ఆ చొక్కాలు విప్పి మళ్ళీ రెక్కకి అతుకులు వేశారు. తరవాత జావాలో ఒకచోట దిగితే వెదురు గసికలు గుచ్చుకుని రెక్కలకి చిల్లులు పడ్డాయి. వాటికి గాయాలకి వేసే ప్లాస్టరు పట్టీలు అంటించారు. చొక్కా అతుకులతో, ప్లాస్టరు పట్టీలతో ఆ విమానం సముద్రం దాటి 1930 మే 24న డార్విన్లో దిగింది. మొత్తం పందొమ్మిదిన్నర రోజులు.

రంగూన్లో పోయిన రోజుల వల్ల హింక్లర్ రికార్డు ఆవిడకి దక్కలేదు. కాని ఒంటరిగా ఆ దారిన వెళ్ళిన మొదటి మహిళగా పేరు దక్కింది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలు ఒకచోటి నుంచి ఇంకొకచోటికి చేరవేసే పనిలో ఉండి, 1941 జనవరి 5న థేమ్సు నది ముఖద్వారం దగ్గర ప్రమాదంలో పోయింది. జేసన్ విమానం మాత్రం లండన్ సైన్సు మ్యూజియంలో ఉంది.

ఏమీ పెళ్ళి కాని పిల్ల కాబట్టి వెళ్ళగలిగింది అంటారేమో. అయితే బ్రిస్బేన్ నగరపు ఇల్లాలు లోర్స్ బానీ సంగతి వినండి. భర్తకి చెప్పకుండా రహస్యంగా విమానం నడపడం నేర్చుకుంది. తెలిశాక ఆయన కోప్పడలేదు సరిగదా, విమానం కొనిచ్చాడు. 1933 ఏప్రిల్లో బయలుదేరి ఆస్ట్రేలియా నుంచి ఇంగ్లండుకి ఒంటరిగా వెళ్ళిన మొదటి మహిళ ఆవిడ. దారిలో తుపానుకి భయపడి సముద్రపు ఒడ్డున దించబోతే గేదెల మంద అడ్డం వచ్చింది. గేదెల్ని తప్పించబోయి విమానం నీళ్ళలో పడింది. దాన్ని ఓడలో కలకత్తా పంపించి బాగుచేయించుకుని, మళ్ళీ ఎక్కి వెళ్ళింది. జూన్ 21న ఇంగ్లండు చేరింది. రెండు నెలల పైమాటే పట్టినా, మధ్యలో వదిలిపెట్టి ఓడెక్కి వెనక్కి పోలేదు చూశారా!

మరుసటి ఏడు, 1934 మేలో, న్యూజీలాండు పిల్ల జీన్ బాటెన్ ఇంగ్లండు నుంచి డార్విన్‌కి 14 రోజుల 22 గంటల 30 నిమిషాల్లో వెళ్ళింది. ఏమీ కంటే నాలుగు రోజులు ముందు. అంతకుముందు రెండుసార్లు బయలుదేరి దెబ్బతిన్నా మూడోసారి సాధించింది. సంగీతం నేర్చుకునే పియానో అమ్మేసి విమానం నేర్చుకోవడానికి పోయిన పిల్ల ఈమె.

వీళ్ళంతా సాహసికులు. మరి టిక్కెట్టు కొనుక్కుని మనలాంటివాళ్ళు వెళ్ళడం ఎప్పుడు మొదలైందంటే 1935 ఏప్రిల్లో. లండన్ నుంచి బ్రిస్బేన్‌కి పన్నెండున్నర రోజులు, ఒకవైపుకి 195 పౌన్లు. అదైనా మొత్తం విమానం కాదు. లండన్ నుంచి పారిస్ దాకా విమానం, అక్కడినుంచి ఇటలీ అడుగున ఉన్న బ్రిందిసి దాకా రైలు, అక్కడినుంచి మధ్యధరా సముద్రం మీద నీటి విమానం, ఆపైన కరాచీ, కలకత్తా, సింగపూరు మీదుగా మామూలు విమానం. ముందు ఉత్తరాలు, తరవాతే మనుషులు. ఆ ఉత్తరాల దారికే మన వైపొక పాయ ఉండేది. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి తెచ్చిన తపాలా సంచులు లండన్ నుంచి విమానంలో వచ్చినవే. ఆ తపాలా బళ్ళారి మీదుగా మద్రాసు దాకా పోయింది. లండన్, ఆస్ట్రేలియాల దారిలో మన బళ్ళారికీ ఆ విధంగా కాస్త చోటు దొరికిందన్నమాట.

1938 నుంచి ఇంగ్లండు, సిడ్నీల మధ్య పెద్ద నీటి విమానాలు నడిచాయి. తొమ్మిది, పది రోజుల ప్రయాణం. ఇవి నేల మీద కాకుండా నీటి మీద దిగేవి. మన దేశంలో రాజస్థాన్‌లోని రాజసమంద్ చెరువులోనూ, గ్వాలియరు దగ్గరా, అలహాబాదులో యమున మీదా, కలకత్తాలో హుగ్లీ మీదా దిగేవి. చెరువులో నీళ్ళకి బిందెలతో వచ్చినవాళ్ళు, పడవలా తేలే ఆ విమానాన్ని చూసి ఎంత ఆశ్చర్యపోయి ఉంటారో! రాత్రిళ్ళు ప్రయాణికులకి హోటల్లో బస, భోజనం, పొద్దున్నే మళ్ళీ ప్రయాణం. పెళ్ళివారి మజిలీల్లా ఉండేదన్నమాట.

తరవాత యుద్ధం వచ్చి 1942 ఫిబ్రవరిలో సింగపూరు జపాన్ చేతికి పోయింది. దారి తెగిపోయింది. అప్పుడు 1943 నుంచి 1945 దాకా ఆస్ట్రేలియా పడమటి ఒడ్డున ఉన్న పెర్త్ నుంచి సింహళంలో గాలే దగ్గరి కొగ్గల చెరువుకి, హిందూ మహాసముద్రం మీద ఎక్కడా ఆగకుండా చిన్న నీటి విమానాలు నడిపారు. సుమారు 5,600 కిలోమీటర్లు. ముగ్గురు ప్రయాణికులకే చోటు, కొద్దిపాటి తపాలా, మిగతాదంతా పెట్రోలే. శత్రువులకి తెలియకుండా రేడియో మాట్లాడకుండా, నక్షత్రాలు చూసి దారి తెలుసుకుంటూ పోవాలి. 27 నుంచి 33 గంటల దాకా పట్టేది. ఒక్క ప్రయాణంలో రెండుసార్లు సూర్యోదయం చూసేవాళ్ళు. అందుకని వాటికి జంట సూర్యోదయాల ప్రయాణాలని పేరు. గాలిలో ఇంతసేపు గడిపిన ప్రయాణికులు ఆ తరవాత కూడా లేరని చెబుతారు.

యుద్ధం అయిపోయాక 1947 డిసెంబరు 1న క్వాంటాస్ కంపెనీ సిడ్నీ నుంచి లండన్‌కి ఒకే విమానంలో తీసుకెళ్ళే సర్వీసు పెట్టింది. కంగారూ దారి అని దాని పేరు. కంగారూలాగే గెంతులు గెంతులుగా వెళ్ళేది మరి. సింగపూరు, కలకత్తా, కరాచీ, కైరో, ట్రిపోలీల్లో మజిలీలు. 29 మంది ప్రయాణికులు, 11 మంది సిబ్బంది. నాలుగు రోజులు. అందులో గాలిలో గడిచింది 55 గంటలు. పోనూ రానూ 585 పౌన్లు. ఆ రోజుల్లో ఆస్ట్రేలియాలో మామూలు పనివాడి ఏడాది జీతానికంటే ఎక్కువ. అంత సొమ్ము పెట్టుకుని కన్నవాళ్ళని చూడ్డానికి ఎందరు వెళ్ళగలరు? ఓడెక్కి వెళ్ళిన కూతురు మళ్ళీ కనపడుతుందన్న ఆశ తల్లికి ఉండేది కాదు.

1959లో ఈ దారిలోకి జెట్ విమానాలు వచ్చాయి. అప్పటినుంచీ రోజుల లెక్క పోయి గంటల లెక్క వచ్చింది. జెట్ విమానం గంటకి ఇంచుమించు 900 కిలోమీటర్లు పోతుంది. 17,000 కిలోమీటర్లని 900తో భాగించండి, ఇంచుమించు 19 గంటలు వస్తుంది. లెక్క ఇంత తేలికైనప్పుడు మధ్యలో ఆగడం దేనికి అంటారా? మళ్ళీ పెట్రోలు దగ్గరికే వస్తాం. తీర్థయాత్రకి వెళుతూ దారి పొడుగునా సరిపడా బియ్యం ఇంటినుంచే మోసుకెళ్ళాలంటే, ఆ మూట మొయ్యడానికి ఇంకో మనిషి, ఆ మనిషి తిండికి ఇంకో మూట కావాలి. విమానానికీ అంతే. దూరం పెరిగినకొద్దీ ఇంధనాన్ని మొయ్యడానికే ఇంధనం ఖర్చవుతుంది.

ఆ కష్టం ఎంతో 1989 ఆగస్టు 17న తెలిసింది. ఆ రోజు క్వాంటాస్ వాళ్ళ కొత్త జంబో జెట్ లండన్ నుంచి సిడ్నీకి ఎక్కడా ఆగకుండా వెళ్ళింది. 20 గంటల 9 నిమిషాలు. కాని అందులో టిక్కెట్టు ప్రయాణికులే లేరు. ప్రత్యేకంగా చేయించిన ఇంధనం నింపారు. రన్‌వే దాకా ఇంజను వేసుకుని పోతే ఆ కాస్తా ఖర్చవుతుందని బండి కట్టి లాక్కెళ్ళారు! గ్యాసు అయిపోతుందేమోనని పప్పు నానబెట్టి ఉడికించుకునే మన పొదుపు అక్కడా ఉందన్నమాట.

2018 మార్చిలో పెర్త్ నుంచి లండన్‌కి ప్రయాణికులతో ఆగకుండా సర్వీసు మొదలైంది. 14,498 కిలోమీటర్లు, సుమారు 17 గంటలు. 2019 నవంబరులో లండన్ నుంచి సిడ్నీకి పరీక్ష కోసం ఒక విమానం కొద్దిమందితోనే ఆగకుండా వెళ్ళింది. 19 గంటల 19 నిమిషాలు పట్టింది. గురువారం పొద్దున్నే బయలుదేరి శుక్రవారం మధ్యాహ్నం దిగారు. దారిలో రెండు సూర్యోదయాలు చూశారు. ఇక మామూలు ప్రయాణికుల్ని కూడా అలాగే తీసుకెళ్ళాలని 2022లో 12 కొత్త విమానాలకి ఆ కంపెనీ ఆర్డరిచ్చింది. ఆ ప్రయత్నానికి పెట్టిన పేరు కూడా వెనకటి జంట సూర్యోదయాల జ్ఞాపకంగానే పెట్టారు.

ఇందులో ఇంకొక కిటుకు. 1989లోనూ, 2019లోనూ ఆ విమానాలు లండన్ నుంచి సిడ్నీకే వెళ్ళాయి గమనించారా? పైన చాలా ఎత్తున పడమర నుంచి తూర్పుకి ఉద్ధృతంగా వీచే గాలులుంటాయి. తూర్పుకి పోయే విమానాన్ని అవి వెనకనుంచి తోస్తాయి, పడమరకి పోయేదానికి ఎదురొస్తాయి. అందుకే పోయేటప్పటి గంటలూ వచ్చేటప్పటి గంటలూ సమానంగా ఉండవు. దూరం అదే, కాలం వేరు.

ఇదంతా విని పిన్నిగారు కాసేపు మాట్లాడలేదు. తరవాత, "అయితే 17,000 కిలోమీటర్లలో ఒక్క జానెడు కూడా తగ్గలేదన్నమాట. నేల మీద గడిపిన గంటలే తగ్గాయి" అన్నారు. నేను ఇంతసేపు చెప్పిన చరిత్ర అంతా ఆవిడ ఒక్క మాటలో పెట్టేశారు. స్మిత్ సోదరులకి ఐదు వందల పైచిలుకు గంటలు, 1947లో నలభై గంటలు, 2019లో ఏమీ లేదు. తగ్గినది ఆ నేలే. తడికలు పరిచినవాళ్ళూ, చొక్కాలు విప్పి అతికినవాళ్ళూ, చెరువు గట్టున నిలబడి చూసినవాళ్ళూ అందరూ ఆ నేల మీదే ఉండేవారు.

"ఇంతకీ మావాడి విమానం మన మీదుగా పోతుందా, పోదా?" అన్నారు మళ్ళీ.

"లండన్ నుంచి సింగపూరు పోయే విమానాలు చాలాసార్లు మన దేశం మీదుగానే పోతాయండీ. పది, పదకొండు కిలోమీటర్ల ఎత్తున."

"అంటే నేను కింద పడుకుని ఉంటే వాడు పైనుంచి పోతాడన్నమాట."

నాకేం చెప్పాలో తోచలేదు. ఆ కొడుకు చేసిన తప్పేమీ లేదు. ఉన్న నాలుగు రోజుల సెలవులో గంటలు కలిసొచ్చే టిక్కెట్టు కొనుక్కున్నాడు. మనమైనా అంతే చేస్తాం. బస్సుకి బదులు రైలు, రైలుకి బదులు ఎక్స్‌ప్రెస్సు చూసుకునేది మనమే కదా. మజిలీ లేని ప్రయాణం సుఖమే. కాని మజిలీలో ఎదురుచూసే మనిషికి మాత్రం అది సుఖం కాదు.

ఆ సాయంత్రం పిన్నిగారి ఫోను మాటలు గోడ అవతలినుంచి వినపడ్డాయి. "ఒరే నాన్నా, పూర్వం సిడ్నీకి పోయే విమానాలన్నీ మన దేశంలో ఆగేవిట్రా. తిరిగి వచ్చేటప్పుడు ఇటు హైదరాబాదు మీదుగా రాకూడదూ? చెల్లెల్ని కూడా వెంటబెట్టుకు రా. రెండు రోజులు ఆలస్యమైతే కొంపలేమీ మునగవు" అంటున్నారు. అవతలివైపు అబ్బాయి ఏమన్నాడో వినపడలేదు. టిక్కెట్టు మారిస్తే డబ్బు కట్టాలన్నాడేమో. "ఆ డబ్బు నేనిస్తానులే" అన్నారావిడ.

పొద్దున్నే తలుపు తట్టి, "అమ్మాయ్, సిడ్నీ నుంచి హైదరాబాదుకి ఎన్ని గంటలు?" అని అడిగారు. ఈసారి ఆవిడ గొంతులో బెంగ లేదు. మధ్యలో ఒకచోట దిగి మారాలి కాబట్టి పదహారు, పదిహేడు గంటలు పట్టవచ్చని చెప్పాను. "పోనీలే, మంచి దారే" అని మినప్పప్పు నానబొయ్యడానికి వెళ్ళిపోయారు.

మీ ఇంట్లోనూ ఎవరైనా దూరదేశంలో ఉంటే, కిలోమీటర్లెన్ని, గంటలెన్ని అని మీరూ లెక్కలు వేస్తూనే ఉంటారు. ఆ లెక్కలో మీ ఊరు ఎక్కడుందో కూడా ఒకసారి అడిగి చూడండి. అడగడంలో తప్పు లేదు.

సెలవు.